డీఎన్ఏ తెగడం, జన్యు నియంత్రణ

డీఎన్ఏలోని రెండు పోగులూ ఒకేచోట తెగితే కణానికి ముప్పేనని జీవశాస్త్రం చాలాకాలం నమ్మింది. ఆ మాట నిజమే కానీ, సగమే నిజం. కొన్ని జన్యువులను మేల్కొలపడానికి మానవ కణం తన డీఎన్ఏను తానే కోసి, మళ్లీ అతికిస్తుంది.

ఎక్స్-కిరణాలు జన్యు మార్పులు కలిగిస్తాయని హెర్మన్ ముల్లర్ 1927లో పండు ఈగల్లో చూపారు. క్రోమోజోము తెగి వేరేచోట అతుక్కున్నప్పుడు, జన్యువు చెడకపోయినా దాని నడత మారుతుందని కూడా ఆయన ఈగల కంటి రంగులోనే గమనించారు. 

ముల్లర్ గమనించిన విషయానికి మనుషుల్లో అతి స్పష్టమైన ఉదాహరణ బర్కిట్ లింఫోమా. ఉగాండాలో పిల్లల దవడలను ఉబ్బించే ఈ క్యాన్సర్‌ను శస్త్రవైద్యుడు డెనిస్ బర్కిట్ 1958లో వర్ణించారు. ఈ కణాల్లో 8వ, 14వ క్రోమోజోములు తెగి ముక్కలు మార్చుకుంటాయని 1970లలో తెలిసింది. తెగినచోట ఎంవైసీ జన్యువు ఉందని 1982లో బయటపడింది. దాని ప్రోటీన్ సంకేతం చాలావరకు చెక్కుచెదరదు. మారేది అదుపు: ప్రతిదేహాలు తయారుచేసే బి-కణంలో నిరంతరం పనిచేసే ప్రతిదేహ జన్యువుల ఎన్‌హాన్సర్ (జన్యువు పనిని పెంచే డీఎన్ఏ భాగం) చేతిలో పడి, ఎంవైసీ ఆగకుండా కణ విభజనను ఉరికిస్తుంది. ప్రతిదేహ జన్యువులను కోసి కూర్చుకోవడం బి-కణాల సహజ విధి. సుసుము తొనెగావా 1976లో దీన్ని నిరూపించి 1987లో నోబెల్ అందుకున్నారు. ఆ విధి నిర్వహణలో పడిన కోత తప్పుచోట అతుక్కోవడమే ఈ విషాదానికి మూలం.

అయితే మామూలు జన్యువులు కూడా కోత కోరతాయా? 2006లో మైఖేల్ రోజెన్‌ఫెల్డ్ బృందం అవునంది. ఈస్ట్రోజెన్ తగిలిన రొమ్ము క్యాన్సర్ కణాల్లో, టోపోఐసోమరేజ్ 2-బీటా ఎంజైమ్ ఒక జన్యువు ప్రొమోటర్ (జన్యువును చదవడం మొదలుపెట్టించే డీఎన్ఏ భాగం) వద్ద డీఎన్ఏను తాత్కాలికంగా తెంపుతోంది. పేనిన తాడును మధ్యలో విడదీస్తే ముందు భాగం మరింత మెలిపడినట్టు, జన్యువును చదివేటప్పుడు డీఎన్ఏలో మెలికలు పేరుకుంటాయి. డీఎన్ఏ రెండు పోగులనూ ఒకచోట తెంచి, ఆ సందులోంచి డీఎన్ఏ మరో భాగాన్ని దాటించి, తెంచినదాన్ని అతికించి ఈ ఎంజైమ్ ఆ బిగువు విప్పుతుంది.

ప్రొస్టేట్ క్యాన్సర్‌లో తరచూ కనిపించే టీఎంపీఆర్ఎస్ఎస్2–ఈఆర్‌జీ జన్యువుల కలయికను అరుల్ చిన్నయ్యన్ బృందం 2005లో కనుగొంది. పురుష హార్మోను సంకేతం ఇదే ఎంజైమ్‌ను ఆ రెండు జన్యువుల వద్దకు రప్పించి కోతలు పెట్టిస్తుందని 2010లో తెలిసింది. జన్యువును పలికించే ఏర్పాటే క్యాన్సర్‌కు దారి తీయవచ్చన్నమాట. 

2015లో లీ-హుయే త్సాయ్ ప్రయోగశాల ఈ కథను మెదడులోకి తీసుకెళ్లింది. ఎలుక న్యూరాన్లను ప్రేరేపిస్తే ఫాస్, ఎన్‌పాస్4 వంటి జన్యువుల ప్రొమోటర్ల దగ్గర డీఎన్ఏ తెగింది. జన్యు కోత సాధనం క్రిస్పర్‌తో అక్కడే కోత పెడితే, ప్రేరణ లేకుండానే అవి పనిచేశాయి.

క్యాన్సర్ మందు ఎటోపోసైడ్ టోపోఐసోమరేజ్ 2 ఎంజైముల కుటుంబాన్నే కోత పెట్టిన దశలో పట్టి నిలిపేస్తుంది. అతుకు పడక క్యాన్సర్ కణాలు చస్తాయి. కానీ కొందరు రోగుల్లో కొన్నేళ్లకు 11వ క్రోమోజోము ఎంఎల్ఎల్ జన్యువు వద్ద తెగి, కొత్తగా రక్తక్యాన్సర్ వస్తుంది.