మందుకంటే ముందే పుట్టిన మొండితనం

చాగస్ వ్యాధికి వైద్యులు రాయగలిగిన మందులు నేటికీ రెండే, అవి నిఫుర్టిమాక్స్, బెంజ్‌నిడజోల్. రెండూ అర్ధశతాబ్దం నాటివి. ఈ వ్యాధిని కలిగించే ఏకకణ పరాన్నజీవిని 1909లో బ్రెజిల్ దేశపు మినాస్ జెరాయిస్ రాష్ట్రంలోని లసాన్సి అనే ఊళ్లో ఒక పసిపాప నెత్తురులో కనుగొన్న కార్లోస్ చాగస్, దానికి తన గురువు ఒస్వాల్డో క్రూజ్ పేరు కలిసేలా ట్రిపనోసోమా క్రూజీ అని నామకరణం చేశారు. దీనిని మోసే నల్లి జాతి పురుగు పగలంతా మట్టిగోడల పగుళ్లలో దాగి, రాత్రివేళ నిద్రపోయేవారి ముఖం మీద కుట్టి నెత్తురు తాగుతుంది కాబట్టి బ్రెజిల్ జనం దానిని మంగలి అనే అర్థంలో బార్బేరో అంటారు. కుట్టిన చోట అది వేసే రెట్టలో పరాన్నజీవి ఉంటుంది. నిద్రమత్తులో గోకినప్పుడు అది గాయం గుండానో, కంటి పొర గుండానో ఒంట్లోకి చేరుతుంది. తొలి జ్వరం కొన్ని వారాల్లో దానంతటదే తగ్గిపోయినా, మూడో వంతు వరకు రోగులలో ఏళ్లు గడిచాక గుండె దెబ్బతింటుంది. కొందరికి అన్నవాహిక, పెద్దపేగు సాగిపోతాయి.

రోగం కనుగొన్న తరువాత మందు రావడానికి ఆరు దశాబ్దాలు పట్టింది. 1950లలో నైట్రోఫ్యురజోన్‌ను వాడి చూసినా నరాలకు చేసే హాని వల్ల అది నిలవలేదు. ఆ కుటుంబానికే చెందిన నిఫుర్టిమాక్స్‌ను 1960లలో బేయర్ సంస్థ, బెంజ్‌నిడజోల్‌ను 1970లలో రోష్ సంస్థ తెచ్చాయి. రెండవదాని వంశవృక్షం తెలుగువారికి పరోక్షంగా పరిచయమైనదే. 1953లో జపాన్ శాస్త్రజ్ఞులు వెలువరించిన అజోమైసిన్ అనే సహజ పదార్థం నైట్రోఇమిడజోల్ మందులన్నిటికీ మూలపురుషుడు. అమీబా విరేచనాలకు మన మందుల దుకాణాల్లో ఇచ్చే మెట్రోనిడజోల్ కూడా ఆ కుటుంబంలోదే.

ఈ మందులు మాత్రలో ఉన్నంతసేపు పరాన్నజీవికి విషం కావు. పరాన్నజీవి కణంలోని నైట్రోరిడక్టేజ్ అనే ఎంజైము మందులోని నైట్రో భాగాన్ని మార్చినప్పుడే అది విషమై, తన వేలితో తన కన్నే పొడుచుకున్నట్లు ఆ జీవినే చంపుతుంది. ఈ సంగతిని 2008లో పరిశోధకులు నిరూపించినప్పుడు దాని మరో ముఖం కూడా బయటపడింది. ఆ ఎంజైమును తయారుచేసే జన్యువు ప్రతుల్లో ఒకటి పోయినా విషం తయారీ తగ్గిపోయి, రెండు మందులూ ఒకేసారి బలహీనపడతాయి. ఒకదానికి లొంగని రకం రెండవదానికీ లొంగకపోవడాన్ని ఉమ్మడి నిరోధకత అంటారు.

అయితే ఈ మొండితనమంతా మందులు వాడినందువల్ల పుట్టినది కాదు. 1987లో బ్రెజిల్ శాస్త్రజ్ఞులు ఫిలార్డి, బ్రెనర్ 47 రకాల పరాన్నజీవులను ఎలుకలపై పరీక్షించినప్పుడు కొన్ని పూర్తిగా లొంగాయి, కొన్ని సగం లొంగాయి, మందు ముఖం ఎన్నడూ చూడని కొన్ని రకాలైతే అసలే లొంగలేదు. అడవి జంతువుల్లో, పురుగుల్లో వేల ఏళ్లుగా చీలిపోతూ వచ్చిన ఈ జీవి వంశాల మధ్య సహజంగానే అంత తేడా ఉంది. దీని పట్టుదలకు లసాన్సి పాపే సాక్ష్యం. బెరెనిసి అనే ఆ పాప పెరిగి పెద్దదై వృద్ధురాలయ్యాక కూడా, 1962లోను, 1978లోను ఆమె నెత్తురు నుంచి అదే పరాన్నజీవిని వేరుచేయగలిగారు.

చికిత్స విఫలమైన ప్రతిచోటా జన్యుమార్పే కారణమనుకోవడానికీ వీల్లేదు. కండరకణాల్లో దాగిన పరాన్నజీవులలో కొన్ని చీలడం మాని నిద్రాణంగా ఉండిపోతాయని, మందు ఆపిన తరువాత మేల్కొంటాయని 2018లో తేలింది. నైట్రో కుటుంబంతో సంబంధం లేకుండా పరాన్నజీవి పొర తయారీని అడ్డుకునే పోసాకొనజోల్ మీద పెట్టుకున్న ఆశలు కూడా 2014 నాటి పరీక్షలో వమ్మయ్యాయి; ఆ మందు తీసుకున్నవారిలో అత్యధికుల నెత్తురులో పరాన్నజీవి మళ్లీ కనిపించింది. గుండె అప్పటికే దెబ్బతిన్న 2,854 మందిపై జరిగి 2015లో వెలువడిన మరో పరీక్షలో బెంజ్‌నిడజోల్ పరాన్నజీవిని తగ్గించగలిగినా గుండె జబ్బు ముదరడాన్ని ఆపలేకపోయింది.

ఈ వైఫల్యాల వరుసలోంచి తేలే పాఠం కాలానికి సంబంధించినది. రెండు నెలల పాటు మింగవలసిన ఈ మాత్రల వల్ల వచ్చే దద్దుర్లు, తిమ్మిర్లు, ఆకలి మందగించడం పెద్దలను మధ్యలోనే మానుకునేలా చేస్తాయి. పసిపిల్లలు మాత్రం మందును బాగా తట్టుకుంటారు, తల్లి నుంచి సంక్రమించిన రోగాన్ని తొలి ఏడాదిలోనే గుర్తిస్తే దాదాపు అందరూ కోలుకుంటారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో బెంజ్‌నిడజోల్‌ను 2 నుంచి 12 ఏళ్ల వారికి, 2020లో నిఫుర్టిమాక్స్‌ను 18 ఏళ్లలోపు వారికి అనుమతించింది. అంటే పాత మందులు నేటికీ పదునైనవే, కానీ ఆ పదును పరాన్నజీవి కండరాల్లో స్థిరపడక ముందే పనికొస్తుంది. బిడ్డ పుట్టిన ఊళ్లోనే నెత్తురు పరీక్ష దొరికినప్పుడే దాని ప్రయోజనం రోగికి అందుతుంది.