ఆట మానేసినవారిని అడిగామా? పోటీ క్రీడలు, పిల్లల మానసిక ఆరోగ్యం

ఆటలాడే పిల్లలకు దిగులు తక్కువని అందరం అనుకుంటాం. 2022లో ప్లాస్ వన్ పత్రికలో మ్యాట్ హాఫ్‌మన్ బృందం ప్రచురించిన అధ్యయనం ఈ నమ్మకాన్ని సగమే నిలబెట్టింది. అమెరికాలో 9 నుంచి 13 ఏళ్ల వయసున్న 11,235 మంది వివరాలను వారు పరిశీలించారు. జట్టు ఆటలాడేవారిలో, ఏ ఆటా ఆడనివారికంటే ఆందోళన, కుంగుబాటు లక్షణాలు తక్కువ. టెన్నిస్, కుస్తీ వంటి వ్యక్తిగత ఆటలు మాత్రమే ఆడేవారిలో ఆ లక్షణాలు ఏ ఆటా ఆడనివారికంటే కూడా ఎక్కువ. ఈ వివరాలు తల్లిదండ్రులు చెప్పినవి. పైగా ఆటే కారణమని ఇవి రుజువు చేయవు. అయినా ఆలోచించక తప్పదు. కబడ్డీలో ఓటమిని ఏడుగురు పంచుకుంటారు. సింగిల్స్ కోర్టులో అది ఒక్కరి మీదే పడుతుంది.

ఒత్తిడిని తట్టుకోలేకపోయాడంటే తప్పు పిల్లవాడిలోనే ఉందన్నట్టు మాట్లాడతాం. అమెరికా సామాజిక శాస్త్రవేత్త జే కోక్లీ 1992లోనే దీన్ని కాదన్నాడు. ఆట మీద విరక్తి పుట్టిన యువ క్రీడాకారులతో మాట్లాడి, ఆయన రెండు విషయాలు గుర్తించాడు: ఆట తప్ప తనకంటూ వేరే గుర్తింపు లేకపోవడం, తన జీవితంపై తనకు అధికారం లేకపోవడం. 1997లో థామస్ రేడెకె యువ ఈతగాళ్లపై చేసిన పరిశోధన దీనికి మరో కోణం చేర్చింది. ఇష్టంతో ఈదేవారికంటే, ఇష్టం తగ్గినా వదల్లేక ఈదేవారిలోనే బర్నవుట్ (ఆటతో అలసిపోయి విసిగిపోవడం) ఎక్కువ. కాబట్టి సాధన ఎన్ని గంటలన్నదొక్కటే లెక్క కాదు. మానేసే స్వేచ్ఛ ఉందా అన్నదీ చూడాలి.

మనకు ఈ ప్రశ్న రుచించదు. రియో ఒలింపిక్స్‌కు ముందు మూడు నెలలపాటు బ్యాడ్మింటన్ క్రీడాకారిణి పి.వి. సింధుకు ఫోన్ లేకుండా చేశానని ఆమె కోచ్ గోపీచంద్ చెప్పినప్పుడు క్రమశిక్షణ అంటే అదీ అని మెచ్చుకున్నాం. ఆమె అప్పటికే 21 ఏళ్ల యువతి, ఎదురుగా ఒలింపిక్స్. అదే నియమం పన్నెండేళ్ల పిల్లకు వర్తింపజేస్తే ఫలితం వేరుగా ఉండవచ్చు. పతకం గెలిచినవారి కథలే మన చేతికందే సాక్ష్యం. అదే పద్ధతిలో పెరిగి మధ్యలో తప్పుకున్నవారు ఆ లెక్కలోకి రారు.

తెలంగాణలోని హకీంపేట క్రీడా పాఠశాలలో నాలుగో తరగతికే ఎంపిక జరుగుతుంది. పల్లెటూరి పేదింటి బిడ్డకు అది పెద్ద అవకాశం, దాన్ని తక్కువ చేయలేం. అయితే అలాంటి ఇంట్లో స్పోర్ట్స్ కోటా, ఉద్యోగం అన్నీ ఆ ఒక్క ఆట మీదే ఆధారపడితే మానేయడం మరీ కష్టం. దీనికి భిన్నంగా నార్వేలో పదకొండేళ్లలోపు పిల్లలకు ర్యాంకుల పట్టికలుండవు, పదమూడో ఏడు వచ్చేదాకా జాతీయ ఛాంపియన్‌షిప్‌లు ఉండవు. చదువుకూ బతుకుకూ వేరే భరోసా ఉన్న సంపన్న దేశానికి అది సులువు. ఆ నియమాన్ని యథాతథంగా తెచ్చుకోలేం.

ముందుగా చేయగలిగింది ఒకటుంది. అకాడమీల్లో ప్రవేశ రిజిస్టర్లు ఉంటాయి. పదేళ్లకు చేరి పదిహేనేళ్లలోపు మానేసినవారిని వారి సమ్మతితో కలవాలి. కోచ్‌లు, తల్లిదండ్రులు పక్కన లేకుండా, ఎందుకు మానేశారో, మానేశాక ఇంట్లో ఎలా చూశారో వారినే అడగాలి.