సత్యం రామలింగరాజు కథ: ఆ రూ.5,040 కోట్లు ఎక్కడికి పోయాయి? అసలు ఉన్నాయా?

ఖమ్మం జిల్లా తిరుమలాయపాలెంలో అర్ధరాత్రి ఎవరికైనా పురిటి నొప్పులొస్తే ఇంట్లోవాళ్లు ముందు కొట్టే నంబర్ 108. వైఎస్ రాజశేఖర్‌రెడ్డి సభల్లో ‘కుయ్ కుయ్’ అని సైరన్ అనుకరించి మరీ చెప్పిన సర్వీసు అది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో దాన్ని మొదలుపెట్టిన ఈఎంఆర్ఐ సంస్థ వెనక ఉన్న మనిషి బైర్రాజు రామలింగరాజు. అవును, సత్యం కంప్యూటర్స్ రాజు. లేని డబ్బును బ్యాంకులో ఉన్నట్టు ఏళ్ల తరబడి చూపించి జైలుకెళ్లింది కూడా ఈయనే.

ఈ ఇద్దరూ ఒకరే ఎలా అయ్యారు? ఈ ప్రశ్న మీద పుస్తకం రాసిన జర్నలిస్ట్ కింశుక్ నాగ్. టైమ్స్ ఆఫ్ ఇండియా హైదరాబాద్ ఎడిషన్‌కి రెసిడెంట్ ఎడిటర్‌గా పనిచేశారు. పుస్తకం పేరు ‘ది డబుల్ లైఫ్ ఆఫ్ రామలింగరాజు’. కుంభకోణం బయటపడిన 2009లోనే హార్పర్ కాలిన్స్ తెచ్చింది. ఓటీటీలో ‘బ్యాడ్ బాయ్ బిలియనీర్స్’ చూసి, మన రాజు ఎపిసోడ్ ఏదని వెతికినవాళ్లు చాలామందే ఉంటారు. 2020లో కోర్టు కేసు వల్ల అది ఆగిపోయి మిగతా మూడే వచ్చాయి. సో, ఈ కథ తెలియాలంటే పుస్తకమే మంచి దారి.

మొదలు ఎక్కడ?

పశ్చిమగోదావరి జిల్లా భీమవరం దగ్గరి కుటుంబం. విజయవాడ లయోలాలో డిగ్రీ, అమెరికాలో ఒహాయో యూనివర్సిటీలో ఎంబీఏ. తిరిగొచ్చి స్పిన్నింగ్ మిల్లు, కన్‌స్ట్రక్షన్ లాంటివి చేశాక, 1987లో తమ్ముడు రామరాజు, బావ డీవీఎస్ రాజుతో కలిసి సత్యం కంప్యూటర్ సర్వీసెస్ పెట్టారు. అప్పట్లో స్టార్టప్ అనే మాటే మన దగ్గర లేదు. 1991లో అమెరికా ట్రాక్టర్ల కంపెనీ జాన్ డీర్ క్లయింట్‌గా దొరికింది. తర్వాత వై2కే పని ఊపందుకుంది. 1999లో సత్యం ఇన్ఫోవే నాస్‌డాక్‌కి ఎక్కింది, అక్కడికి వెళ్లిన తొలి ఇండియన్ ఇంటర్నెట్ కంపెనీ అదే. ఆ వెంటనే ఇండియావరల్డ్ అనే వెబ్‌సైట్ల కంపెనీని రూ.499 కోట్లకు కొంటామని ప్రకటిస్తే దేశమంతా నోరెళ్లబెట్టింది. 2001లో మాతృసంస్థ న్యూయార్క్ స్టాక్ ఎక్స్‌చేంజ్‌కి వెళ్లింది. 2008 నాటికి 50 వేల మందికి పైగా ఉద్యోగులు, 2010, 2014 ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌లకు ఐటీ కాంట్రాక్టు. ఆంధ్ర, తెలంగాణ పల్లెల నుంచి బీటెక్ చేసిన పిల్లలకి సత్యంలో ఉద్యోగమంటే ఇంట్లో పండగే.

అసలు పిచ్చి భూమి మీద

సత్యం కథను సాఫ్ట్‌వేర్ కథగా మాత్రమే చూస్తే సగమే అర్థమవుతుంది. రెండో సగం భూములు. Satyam స్పెల్లింగ్‌ని వెనక నుంచి చదివితే మేటాస్. రాజు కుటుంబం చేతిలోని కన్‌స్ట్రక్షన్, రియల్ ఎస్టేట్ కంపెనీల పేరు అది. 2008లో హైదరాబాద్ మెట్రో టెండర్‌ను మేటాస్ కూటమి ఎలా దక్కించుకుందో గుర్తుందా? సర్కారు నుంచి పైసా అడగకపోగా, ఎదురు రూ.30,311 కోట్లు ఇస్తామంది! మెట్రో శ్రీధరన్‌కి అక్కడే అనుమానం వచ్చింది. ఇది రైలు కోసం కాదు, రూట్ పక్కన భూముల కోసమేమో అని ప్లానింగ్ కమిషన్‌కి లెటర్ రాశారు. అప్పుడు ఆయన మాట పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2009 జులైలో ఆ కాంట్రాక్టు రద్దయింది.

2008 డిసెంబర్ 16న అసలు డ్రామా. సత్యం డబ్బుతో మేటాస్ ప్రాపర్టీస్‌ని పూర్తిగా, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్ని కొంటామని బోర్డు ప్రకటించింది. మొత్తం 160 కోట్ల డాలర్లు. ఇన్వెస్టర్లు భగ్గుమన్నారు, న్యూయార్క్‌లో షేరు సగానికి పైగా పడిపోయింది, తెల్లారేసరికి డీల్ క్యాన్సిల్. అంత తొందర ఎందుకో మూడు వారాల తర్వాత తెలిసింది. సత్యం దగ్గర ఉందని చెప్పిన క్యాష్ అసలు లేదు. ఆ దొంగ క్యాష్ ‘ఖర్చు పెట్టి’ నిజమైన భూములు కొన్నట్టు చూపిస్తే పుస్తకాల్లో గొయ్యి పూడిపోతుంది. అదీ ప్లాన్.

లెటర్‌లో ఏముంది?

2009 జనవరి 7న బోర్డుకు రాసిన లేఖలో రాజు స్వయంగా ఒప్పుకున్నారు. ఉన్నట్టు చూపించిన క్యాష్, బ్యాంక్ బ్యాలెన్సులో రూ.5,040 కోట్లు లేవు. దాని మీద రావాల్సిందని రాసుకున్న వడ్డీ రూ.376 కోట్లూ ఉత్తిదే. చూపించని అప్పు రూ.1,230 కోట్లు, ఎక్కువ చేసి చూపిన బాకీలు రూ.490 కోట్లు. అన్నీ కలిపితే రూ.7,136 కోట్లు. ఒక్క క్వార్టర్‌లో లాభం రూ.61 కోట్లయితే రూ.649 కోట్లని చెప్పారట. తాను ఒక్క రూపాయి కూడా తీసుకోలేదని అందులోనే రాశారు. దర్యాప్తు సంస్థలు ఆ మాట ఒప్పుకోలేదు. ఆ ఒక్కరోజే షేరు రూ.179 నుంచి రూ.40 దగ్గరికి వచ్చేసింది.

ఇంత పెద్ద మోసం కదా, టెక్నిక్ చాలా సింపుల్. దొంగ ఇన్వాయిస్‌లతో లేని ఆదాయం, దొంగ ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులతో లేని బ్యాలెన్స్. ఆడిటర్ నేరుగా బ్యాంకుకి రాసి ‘ఈ డబ్బు మీ దగ్గర ఉందా’ అని అడగాలి. ఆ ఉత్తరాలు పంపడం, జవాబులు తెచ్చుకోవడం రెండూ కంపెనీ చేతికే వదిలేశారని అమెరికా ఎస్ఈసీ 2011లో తేల్చింది. మన ఊళ్లో డ్వాక్రా గ్రూపు లెక్క చూసేవాళ్లు కూడా ముందు పాస్‌బుక్ తెమ్మంటారు! ఆడిట్ సంస్థ ప్రైస్ వాటర్‌హౌస్‌ని 2018లో సెబీ రెండేళ్లు నిషేధించింది, 2019లో శాట్ ఆ నిషేధాన్ని కొట్టేసింది. ఇంకో విచిత్రం, 2008 సెప్టెంబర్‌లోనే సత్యానికి కార్పొరేట్ గవర్నెన్స్‌లో గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. తర్వాత వెనక్కి తీసుకున్నారు లెండి.

పుస్తకంలో లేనిది

నాగ్ పుస్తకం తీర్పు రాకముందు రాసింది. అదే దాని లోటు, కాబట్టి తర్వాత జరిగింది మేమే చెప్తాం. జనవరి 9న రాజు అరెస్ట్, చంచల్‌గూడ జైలు. కేంద్రం పాత బోర్డును తీసేసి దీపక్ పరేఖ్, కిరణ్ కర్ణిక్, సి.అచ్యుతన్‌లను కూర్చోబెట్టింది, తర్వాత మరో ముగ్గురు చేరారు. జీతాలు ఆగితే కంపెనీ ఖాళీ అవుతుందని బ్యాంకుల నుంచి రూ.600 కోట్ల అప్పు తెచ్చారు. వేలమంది ఇళ్లల్లో ఈఎంఐలు కట్టింది ఆ డబ్బుతోనే. ఏప్రిల్ 13న వేలం. టెక్ మహీంద్రా షేరుకి రూ.58, ఎల్ అండ్ టీ రూ.45.90, విల్బర్ రాస్ రూ.20. కంపెనీ మహీంద్రా చేతికి పోయింది, 2013లో టెక్ మహీంద్రాలో కలిసిపోయింది.

2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు రాజుతో పాటు మరో 9 మందిని దోషులుగా తేల్చి ఏడేళ్ల శిక్ష వేసింది. అందులో ఇద్దరు ఆడిటర్లు కూడా ఉన్నారు. మే నెలలో అప్పీలు కోర్టు శిక్షను సస్పెండ్ చేసి బెయిల్ ఇచ్చింది.

108 మాత్రం ఆగలేదు. రాజు జైలుకెళ్లిన 2009లోనే ఈఎంఆర్ఐని జీవీకే తీసుకుంది. నంబర్ మారలేదు.