పెగాసస్ (స్పైవేర్)

ఇజ్రాయెల్‌కు చెందిన ఎన్‌ఎస్‌ఓ గ్రూప్ తయారుచేసిన నిఘా సాఫ్ట్‌వేర్. గ్రీకు పురాణాల్లోని రెక్కల గుర్రం పేరు దీనికి పెట్టారు. ఫోన్‌లో దొంగచాటుగా చేరి సందేశాలు, ఫొటోలు లాగేస్తుంది. మైకు, కెమెరా తానే ఆన్ చేయగలదు. నేరస్థులను పట్టుకోవడానికి ప్రభుత్వాలకే అమ్ముతామని 2010లో పుట్టిన ఆ సంస్థ చెబుతూ వచ్చింది. దొరికిన బాధితుల్లో పాత్రికేయులు, హక్కుల కార్యకర్తలు ఎందరో ఉండటంతో ఆ మాట నిలవలేదు.

2016 ఆగస్టులో ఎమిరేట్స్ హక్కుల కార్యకర్త అహ్మద్ మన్సూర్ ఐఫోన్‌కు ఓ ఎస్‌ఎంఎస్ వచ్చింది. జైళ్లలో చిత్రహింసల రహస్యాలు చూడమంటూ కింద లింకు. మర్నాడు మరొకటి. అప్పటికే రెండుసార్లు నిఘా దెబ్బ తిన్న మనిషి కాబట్టి నొక్కలేదు; టొరంటో విశ్వవిద్యాలయంలోని సిటిజన్ ల్యాబ్‌కు పంపారు. మొబైల్ భద్రతా సంస్థ లుకౌట్‌తో కలిసి వాళ్లు పరిశీలిస్తే, ఆ లింకు వెనక ఉన్నది పెగాససేనని తేలింది; అది వాడుకునే, ఆపిల్‌కే తెలియని మూడు లొసుగులు బయటపడ్డాయి. ఆగస్టు 25న ఆపిల్ అప్‌డేట్ ఇచ్చింది. ఫోన్ దక్కింది గానీ మన్సూర్ దక్కలేదు: 2017లో అరెస్టు, మరుసటి ఏడు పదేళ్ల జైలుశిక్ష.

తర్వాత లింకు నొక్కే పనే లేకుండా పోయింది. 2019లో వాట్సాప్ కాల్ వస్తే చాలు, ఎత్తకపోయినా పెగాసస్ దిగిపోయేది. సుమారు 1,400 ఫోన్లు ఈ దాడికి గురయ్యాయి, భారత్‌లోనివి సహా. వాట్సాప్ వేసిన దావాలో 2024 డిసెంబరులో అమెరికా కోర్టు ఎన్‌ఎస్‌ఓదే బాధ్యత అని తేల్చింది.

2021 జులైలో, పెగాసస్ కొన్నవారు నిఘాకు ఎంచుకున్నవని భావించిన సుమారు 50,000 ఫోన్ నంబర్ల జాబితా వెల్లడైంది. జాబితాలో ఉన్న ప్రతి ఫోనూ హ్యాక్ అయినట్టు కాదు. భారత్‌లో ఈ వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది; అప్పటి ప్రధాన న్యాయమూర్తి, తెలుగువారైన ఎన్.వి. రమణ ధర్మాసనం విచారణ కమిటీ వేసింది. 29 ఫోన్లు చూస్తే 5 ఫోన్లలో మాల్‌వేర్ కనిపించింది. అది పెగాససే అనడానికి గట్టి ఆధారం దొరకలేదు. కేంద్రం సహకరించలేదని కమిటీ చెప్పినట్టు 2022లో కోర్టు వెల్లడించింది.

ఈ స్థాయి దాడికి పూర్తి విరుగుడు లేదు. అప్‌డేట్లు వాయిదా వేయకపోవడం, తరచూ రీస్టార్ట్ చేయడం, ముప్పున్నవారు ఐఫోన్‌లో లాక్‌డౌన్ మోడ్ పెట్టుకోవడం దాడిని కష్టతరం చేస్తాయి.

మనబోటివాళ్లకు పెగాసస్ దాకా అక్కర్లేదు. పెళ్లి శుభలేఖ పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్) ఫైలు చాలు: ఇన్‌స్టాల్ చేసి అడిగిన అనుమతులన్నీ ఇస్తే ఓటీపీలు మోసగాళ్లకు చేరిపోతాయి. శుభలేఖ ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, యాప్‌గా రాదు. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.