పటాల శోధన ఫలితాల ఔచిత్య నిర్ణయం

పటాల శోధన ఫలితాల ఔచిత్య నిర్ణయం అనగా, కంప్యూటరులో గానీ మొబైల్ ఫోనులో గానీ ఉన్న పటంలో ఒక వ్యక్తి ఏదైనా స్థలం కొరకు వెతికినపుడు, చూపబడిన ఫలితాలు ఆ వ్యక్తి అవసరానికి ఎంతవరకు సరిపోతున్నవో నిర్ణీత ప్రమాణాల ప్రకారం తేల్చే ప్రక్రియ. ఇది సమాచార శోధన శాస్త్రంలో ఒక భాగం. వెతుకుటకు వ్రాసిన పదాలను ప్రశ్న అనీ, ఫలితాలను పరిశీలించి శ్రేణి ఇచ్చే వ్యక్తిని మదింపుదారు అనీ ఈ వ్యాసంలో వ్యవహరించడం జరిగినది.

పుస్తకం కొరకో వ్యాసం కొరకో వెతికేవారికి తప్పు ఫలితం వస్తే సాధారణంగా కొంత సమయం వృథా అవుతుంది. పటంలో తప్పు ఫలితం వస్తే మనిషి తప్పు చోటికి ప్రయాణం చేస్తాడు. అందువలన ప్రశ్నలోని పదాలు ఫలితం పేరుతో సరిపోవడం ఒక్కటే ఇక్కడ చాలదు. అడిగినవారు ఎక్కడ ఉన్నారు, ఏ పనిమీద అడిగారు, పటంలో పెట్టిన గుర్తు నిజంగా ఆ స్థలం మీదనే ఉన్నదా అను విషయాలను కూడా చూడవలసి ఉంటుంది.

నేపథ్యం

శోధన ఫలితాలను మనుషుల చేత మదింపు చేయించే పద్ధతి పటాల కంటె పాతది. 1960వ దశకంలో ఇంగ్లండులోని క్రాన్‌ఫీల్డ్‌లో సిరిల్ క్లెవర్డన్ అను గ్రంథాలయ నిపుణుడు 1400 పత్రాలు, 225 ప్రశ్నలతో ఒక ప్రయోగం నిర్వహించాడు. ఏ ప్రశ్నకు ఏ పత్రం తగినదో ముందుగానే మనుషుల చేత గుర్తింపజేసి, దానితో వివిధ శోధన పద్ధతులను పోల్చి చూశాడు. నేటికీ ఇదే మూల విధానం. 1992లో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ ప్రారంభించిన ట్రెక్ సదస్సులు ఈ విధానాన్ని పెద్ద ఎత్తున అమలు చేశాయి.

జాలంలో పటాల వాడకం పెరిగిన కొద్దీ ఇదే విధానం స్థలాల శోధనకు కూడా వ్యాపించినది. స్వచ్ఛంద కార్యకర్తలు తయారు చేసే ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ 2004లోను, గూగుల్ మ్యాప్స్ 2005లోను, భారత అంతరిక్ష పరిశోధనా సంస్థ వారి భువన్ 2009లోను, ఆపిల్ మ్యాప్స్ 2012లోను మొదలైనవి.

సాధారణ శోధనకు, పటాల శోధనకు గల భేదం

గూగుల్ సంస్థ తన స్థానిక ఫలితాల వరుసను ముఖ్యంగా మూడు అంశాలు నిర్ణయిస్తాయని ప్రకటించినది. అవి ఔచిత్యం, దూరం, ప్రాముఖ్యత. ఇవి ఒకదానితో ఒకటి పోటీ పడుతూ ఉంటాయి. చాలా దగ్గరగా ఉన్న స్థలం పనికిరానిది కావచ్చును, ప్రసిద్ధమైన స్థలం వెళ్ళలేనంత దూరంలో ఉండవచ్చును.

హైదరాబాదులోని అమీర్‌పేటలో ఉన్న వ్యక్తి "విమానాశ్రయం" అని వెతికినాడని అనుకుందాం. అతనికి అన్నిటికంటె దగ్గరగా ఉన్నది బేగంపేట విమానాశ్రయం. అయితే 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం ప్రారంభమైన తరువాత బేగంపేట నుండి సాధారణ ప్రయాణీకుల విమానాలు నిలిచిపోయినవి. ప్రయాణీకునికి కావలసినది శంషాబాదే. దూరాన్ని మాత్రమే చూసే శోధన యంత్రం ఇతనిని విమానం అందుకోలేని చోటికి పంపుతుంది.

పేరు కలవకపోయినా ఫలితం సరైనది కావచ్చును. "విజయవాడ విమానాశ్రయం" అనే ప్రశ్నకు తగిన సమాధానం గన్నవరంలో ఉన్నది. అదే "గన్నవరం" అని మాత్రమే వెతికితే కృష్ణా జిల్లాలోని గన్నవరంతో పాటు కోనసీమలోని పి.గన్నవరం కూడా ఫలితంగా రావచ్చును.

ప్రశ్నల రకాలు

మదింపుకు ముందు ప్రశ్న ఏ రకానికి చెందినదో గుర్తించడం అవసరం.

* నిర్దిష్ట స్థలం: "చార్మినార్", "ప్రకాశం బ్యారేజి" వంటివి. వీటికి ఒకే సరైన సమాధానం ఉంటుంది. అది మొదటి స్థానంలో రావలెను.
* రకం: "పెట్రోలు బంకు", "మందుల షాపు", "టిఫిన్ సెంటరు" వంటివి. వీటికి అనేక సరైన సమాధానాలు ఉంటాయి. ఇక్కడ దూరానికి, తెరచి ఉండే వేళలకు ప్రాధాన్యం ఎక్కువ.
* శాఖలు గల సంస్థ: బ్యాంకులు, తపాలా కార్యాలయాలు వంటివి. పేరు అన్నిటికీ ఒకటే కనుక దగ్గరి శాఖ మొదట రావలెను.
* చిరునామా: ఇంటి నెంబరు, వీధి, ఊరు, పిన్‌కోడ్ ఉన్న ప్రశ్నలు. 1972 ఆగష్టు 15న ప్రవేశపెట్టిన పిన్‌కోడ్‌లో 6 అంకెలు ఉంటాయి. ఒకే పిన్‌కోడ్ కింద అనేక గ్రామాలు ఉండవచ్చు కనుక, పిన్‌కోడ్ ప్రాంతపు మధ్య బిందువును ఇంటి చిరునామాకు సమాధానంగా స్వీకరించరాదు.
* అస్పష్టమైన ప్రశ్న: "ఉస్మానియా" అని మాత్రమే వ్రాస్తే అది విశ్వవిద్యాలయం కావచ్చును, అఫ్జల్‌గంజ్‌లోని ఆసుపత్రి కావచ్చును, కోఠీలోని వైద్య కళాశాల కావచ్చును. ఇటువంటప్పుడు ముఖ్యమైన అర్థాలన్నీ ఫలితాలలో కనిపించడం మంచిది. "ఉస్మానియా ఎమర్జెన్సీ" అని వ్రాసినవారికి మాత్రం ఆసుపత్రి తప్ప మరొకటి మొదట చూపడం పెద్ద తప్పు.

మదింపు చేసే విధానం

వినియోగదారు స్థానం

ప్రశ్నతో పాటు మదింపుదారుకు సాధారణంగా రెండు స్థానాలు తెలుపబడతాయి. ఒకటి వినియోగదారు ఉన్న చోటు, రెండవది ఆ సమయంలో తెరపై కనిపిస్తున్న పటం భాగం. ఇవి రెండూ ఒకటే కానవసరం లేదు. వరంగల్లులో కూర్చొని తిరుపతి పటాన్ని తెరచి "హోటలు" అని వెతికేవారు తిరుపతి ప్రయాణం కొరకు వెతుకుతున్నారని భావించవచ్చును. అయితే ఆ పటాన్ని ఎప్పుడో తెరచి వదిలివేసి ఉంటే వినియోగదారు ఉన్న చోటుకే ప్రాధాన్యం ఇవ్వవలెను. ప్రశ్నలోనే ఊరి పేరు ఉన్నట్లయితే అదే అన్నిటికంటె ముఖ్యం.

ఎంత దూరం వరకు తగినది అనేదానికి ఒకే కొలత లేదు. కిరాణా కొట్టుకు అర కిలోమీటరు దూరం కూడా ఎక్కువే కావచ్చును. గుండె శస్త్రచికిత్స చేసే ఆసుపత్రి కొరకు వంద కిలోమీటర్లు వెళ్ళేవారున్నారు. పట్టణంలోని కొలతను పల్లెకు వర్తింపజేయరాదు.

ఔచిత్య శ్రేణులు

ఫలితాన్ని తగినది, తగనిది అని రెండుగా మాత్రమే విభజించక, శ్రేణులుగా విభజించడం సాధారణం. శ్రేణుల సంఖ్య, పేర్లు సంస్థను బట్టి మారుతూ ఉంటాయి. ఒక సాధారణ పద్ధతి ఈ విధంగా ఉంటుంది.

* 3 - పూర్తిగా తగినది: అడిగినవారికి కావలసినది ఇదే.
* 2 - తగినది: అవసరం తీరుతుంది, కానీ ఇంతకంటె మంచిది మరొకటి ఉన్నది.
* 1 - కొంతవరకు తగినది: వేరేది దొరకనపుడు మాత్రమే పనికివస్తుంది.
* 0 - తగనిది: అవసరానికి సంబంధం లేదు.

ఉదాహరణకు "కర్రీ పాయింటు" అని వెతికేవారికి సాధారణంగా కావలసినది వండిన కూరలను పొట్లాలుగా కట్టి ఇచ్చే కొట్టు. దగ్గరలోని కర్రీ పాయింటుకు 3, కాస్త దూరంలోని మరొక కర్రీ పాయింటుకు 2, కూరలను పార్సిలు ఇచ్చే భోజన హోటలుకు 1, కూరగాయల కొట్టుకు 0 ఇవ్వవచ్చును. ఆహారపు అలవాట్లు తెలియని మదింపుదారు ఈ నాలుగింటికీ తేడా గుర్తించలేడు.

సమాచారపు సరితనం

ఔచిత్యాన్ని, సమాచారపు సరితనాన్ని వేరువేరుగా నమోదు చేయడం ఈ పనిలో ముఖ్యమైన నియమం. పేరు, చిరునామా, ఫోను నెంబరు, పని వేళలు, పటంలో గుర్తు ఉన్న చోటు - వీటిని ఒక్కొక్కటిగా పరిశీలిస్తారు. సరైన ఆసుపత్రినే చూపినా గుర్తు పక్క వీధిలో ఉంటే, ఔచిత్యం పూర్తిగా ఉన్నట్లు, గుర్తు తప్పుగా ఉన్నట్లు వ్రాయవలెను. రెండింటినీ కలిపి ఒకే శ్రేణిగా ఇస్తే, సరిచేయవలసినది శోధన యంత్రాన్నా లేక పటంలోని వివరాలనా అన్నది తెలియదు. మూతపడిన దుకాణాలను, ఒకే స్థలం రెండు పేర్లతో రెండుసార్లు వచ్చిన సందర్భాలను కూడా విడిగా గుర్తిస్తారు.

తప్పు ఫలితాల వలన జరిగిన సంఘటనలు

2009లో ఇటలీలోని కాప్రి ద్వీపానికి బయలుదేరిన ఒక స్వీడన్ దంపతులు తమ కారులోని దారి చూపే పరికరంలో అక్షరాలు తారుమారు చేసి "కార్పి" అని వ్రాయడంతో, ఉత్తర ఇటలీలోని ఆ పేరు గల పట్టణానికి చేరుకున్నారు. పరికరం తనకు ఇచ్చిన పదానికి సరైన సమాధానమే ఇచ్చినది. కానీ అది వారి అవసరానికి సమాధానం కాదు.

ఇంతకంటె తీవ్రమైనది ఆస్ట్రేలియాలోని మిల్దురా ఉదంతం. 2012 డిసెంబరులో విక్టోరియా రాష్ట్ర పోలీసులు ఆపిల్ మ్యాప్స్‌ను నమ్మవద్దని వాహనదారులను హెచ్చరించారు. మిల్దురా పట్టణం కొరకు వెతికినవారికి ఆ పటం సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, ముర్రే సన్‌సెట్ జాతీయ ఉద్యానవనం మధ్యలో గుర్తు చూపినది. నీటి వసతి లేని, ఉష్ణోగ్రత 46 డిగ్రీల వరకు చేరగల ఆ ప్రాంతంలో కొందరు 24 గంటల వరకు చిక్కుకుపోయారు. ఆస్ట్రేలియా అధికారిక స్థలనామ పట్టికలో మిల్దురా పేరు రెండుసార్లు ఉన్నది. ఒకటి పట్టణం, మరొకటి చుట్టుపక్కల విశాల ప్రాంతంతో కూడిన పాలనా విభాగం. పాలనా విభాగపు మధ్య బిందువు అడవిలో పడినది. పేరును మాత్రమే పోల్చి చూసే మదింపుదారు ఈ ఫలితానికి పూర్తి శ్రేణి ఇచ్చి ఉండేవాడు. హెచ్చరిక తరువాత ఆ సంస్థ దీనిని సరిచేసినది.

తెలుగు ప్రాంతాలలో ఎదురయ్యే చిక్కులు

* ఒకే పేరు: కొత్తపేట, రామాపురం, కొత్తపల్లి వంటి పేర్లు అనేక చోట్ల ఉన్నవి. హైదరాబాదు అనే నగరం పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రంలో కూడా కలదు.
* పేరులో పేరు: గుంటూరు జిల్లాలోని తాడేపల్లి, పశ్చిమ గోదావరి జిల్లాలోని తాడేపల్లిగూడెం మధ్య సుమారు 100 కిలోమీటర్ల దూరం ఉన్నది. పేరు సగం వ్రాయగానే సూచనలు చూపే చోట ఈ పొరపాటుకు అవకాశం ఎక్కువ.
* పాత పేర్లు, వాడుక పేర్లు: విజయవాడను బెజవాడ అనీ, విశాఖపట్నాన్ని వైజాగ్ అనీ, వరంగల్లును ఓరుగల్లు అనీ పిలుస్తారు. రాజమండ్రి పేరును 2015లో రాజమహేంద్రవరంగా మార్చారు. కడప పేరు యొక్క ఆంగ్ల వర్ణక్రమం 2005లో మారినది. పాత పేరుతో వెతికినవారికి కూడా అదే ఊరు చూపవలెను.
* జిల్లాల మార్పు: తెలంగాణలో జిల్లాల సంఖ్య 2016లో 10 నుండి 31కి, 2019లో 33కి పెరిగినది. ఆంధ్ర ప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలను 26గా విభజించారు. అమలాపురం చిరునామాలో తూర్పు గోదావరి జిల్లా అని వ్రాసేవారు ఉన్నారు. జిల్లా పేరు కలవనంత మాత్రాన సరైన ఫలితాన్ని తిరస్కరించరాదు.
* లిపి: తెలుగు పేర్లను ఆంగ్ల అక్షరాలతో వ్రాసినపుడు ట-త, ల-ళ, న-ణ భేదాలు తరచుగా పోతాయి. "కోట", "కోత" ఒకే విధంగా కనిపిస్తాయి. ఒకే ఊరిని నలుగురు నాలుగు విధాలుగా వ్రాస్తారు. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో ఒకే స్థలానికి తెలుగుతో సహా వివిధ భాషలలో పేర్లను విడివిడిగా నమోదు చేసే సదుపాయం కలదు.
* ఆనవాళ్ళు: "రామాలయం ఎదురుగా", "పాత బస్టాండు వెనుక" అని చిరునామా చెప్పడం వాడుక. ఇక్కడ అడిగినది రామాలయం కాదు, దాని ఎదురుగా ఉన్న స్థలం.

కొలమానాలు

ఒక్కొక్క ఫలితానికి ఇచ్చిన శ్రేణుల నుండి మొత్తం శోధన యంత్రపు నాణ్యతను లెక్కిస్తారు. చూపిన ఫలితాలలో తగినవి ఎన్ని అను నిష్పత్తిని ప్రిసిషన్ అనీ, తగిన స్థలాలన్నిటిలో చూపబడినవి ఎన్ని అను నిష్పత్తిని రీకాల్ అనీ అంటారు. ఫోను తెరపై మొదటి కొన్ని ఫలితాలే కనిపిస్తాయి కనుక వరుసను కూడా లెక్కలోకి తీసుకోవలెను. ఇందుకు ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు యార్వెలిన్, కెకాలైనెన్ 2002లో వివరించిన ఎన్‌డీసీజీ అను కొలమానం విస్తృతంగా వాడుకలో ఉన్నది. ఇందులో సాధారణంగా ప్రతి ఫలితపు శ్రేణిని, దాని వరుస సంఖ్యకు 1 కలుపగా వచ్చిన సంఖ్య యొక్క 2 ఆధారపు సంవర్గమానంతో భాగించి కూడుతారు. ఆ మొత్తాన్ని అత్యుత్తమ వరుసకు వచ్చే మొత్తంతో భాగిస్తారు.

ఉదాహరణకు నాలుగు ఫలితాల శ్రేణులు 3, 2, 1, 0 అనుకుందాం. ఇదే అత్యుత్తమ వరుస. దీని మొత్తం 4.76. ఒక యంత్రం వీటిని 3, 0, 2, 1 వరుసలో చూపితే మొత్తం 4.43, విలువ 0.93. మరొకటి 0, 1, 2, 3 వరుసలో చూపితే మొత్తం 2.92, విలువ 0.61. రెండూ చూపినవి అవే నాలుగు స్థలాలు. తేడా వరుసలోనే ఉన్నది.

మదింపుదారుల మధ్య ఏకాభిప్రాయాన్ని కూడా కొలుస్తారు. జేకబ్ కోహెన్ 1960లో ప్రతిపాదించిన కాపా గుణకం, యాదృచ్ఛికంగా కలిసే అవకాశాన్ని తీసివేసి ఏకాభిప్రాయాన్ని చూపుతుంది. ఇద్దరు 100 ఫలితాలను తగినవి, తగనివి అని చెరి సగం విభజించి, 80 ఫలితాల విషయంలో ఏకీభవిస్తే, యాదృచ్ఛికంగానే 50 కలిసే అవకాశం ఉన్నందున గుణకం 0.8 కాక 0.6 అవుతుంది. ఏకాభిప్రాయం తక్కువగా ఉంటే నియమావళి అస్పష్టంగా ఉన్నదేమో పరిశీలించవలెను.

పరిమితులు

మదింపుదారు వినియోగదారు కాడు. అతను ప్రశ్నను బట్టి అవసరాన్ని ఊహించవలసి ఉంటుంది. ఆ ఊరితో పరిచయం లేనివారు జాలంలో దొరికే వివరాలపైనే ఆధారపడతారు. పటంలోనూ జాలంలోనూ ఒకే తప్పు ఉంటే దానిని పట్టుకోలేరు.

వినియోగదారులు ఏ ఫలితాన్ని నొక్కారు, ఎక్కడికి దారి అడిగారు అను వివరాలను కూడా సంస్థలు పరిశీలించవచ్చును. అయితే మొదట చూపిన దానినే ఎక్కువమంది నొక్కుతారు కనుక అది ఔచిత్యానికి పూర్తి నిదర్శనం కాదు. మిల్దురాకు దారి అడిగినవారు కూడా ఆ ఫలితాన్ని నొక్కినవారే. పేరున్న స్థలాలకు ప్రాధాన్యం ఇచ్చే కొద్దీ, పటంలో వివరాలు తక్కువగా ఉన్న పల్లెలు, చిన్న దుకాణాలు వెనుకబడే ప్రమాదం కూడా ఉన్నది. అందువలన ప్రశ్నల నమూనాను ఎంచుకొనేటప్పుడు పట్టణాలతో పాటు గ్రామాలను, ఆంగ్లంతో పాటు స్థానిక భాషలను చేర్చడం అవసరం.

ఇవి కూడా చూడండి

* సమాచార శోధన
* భౌగోళిక సమాచార వ్యవస్థ
* ఓపెన్ స్ట్రీట్ మ్యాప్
* భువన్
* పిన్‌కోడ్
* అక్షాంశ రేఖాంశాలు