లదేణి నుంచి పొగబండి దాకా: నౌపడ చిన్న రైలు చెప్పే మన కథ



మట్టెవాడలో ఉండే మనకు రైలు కొత్త కాదు. వరంగల్ స్టేషను పక్కనే. నిజాం కాలంలో, 1886లో ఇక్కడికి రైలు వచ్చింది. 1889 నాటికి అదే లైను బెజవాడ దాకా సాగింది. అది పెద్ద పట్టా, అంటే బ్రాడ్‌గేజి. రెండు పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు.

దానిలో సగం కూడా లేని చిన్న పట్టాల మీద నడిచిన ఆవిరి ఇంజన్ల గురించి ఈ వ్యాసం. గిరిజన సంఘం సావనీరులో రైలింజను కథ ఎందుకని మీకు అనిపించవచ్చు. ఆ ఇంజను చేసిన పని అంతకు ముందు చేసింది ఎవరో తెలిస్తే ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

ఇంజనుకు ముందు ఎద్దు

1632లో పీటర్ మండీ అనే ఇంగ్లీషు వర్తకుడు ఆగ్రా నుంచి పాట్నా వైపు వెళ్తూ దారిలో ఒక తండాను చూశాడు. ధాన్యం మోస్తున్న ఎద్దులు పద్నాలుగు వేలని రాసుకున్నాడు. ఆడవాళ్లు, పిల్లలు, ఇల్లూ వాకిలీ అంతా ఆ ఎద్దుల వెంటే. రోజుకు ఆరేడు మైళ్లకు మించి నడవరు, ఎందుకంటే ఎద్దులు మేయాలి కదా. అదే శతాబ్దంలో టావెర్నియే అనే ఫ్రెంచి వ్యాపారి కూడా పది పన్నెండు వేల ఎద్దుల బిడారుల గురించి రాశాడు.

ఆ బిడారులు మన బంజారా పూర్వీకులవి. ఆ వ్యాపారాన్ని మన పెద్దలు లదేణి అంటారు. తండా అనే మాట మొదట ఒక ఊరి పేరు కాదు, నడిచే బిడారు పేరు. నాయక్ ఆ బిడారుకు పెద్ద. ఎక్కడ నీళ్లున్నాయి, ఎక్కడ మేత ఉంది, ఏ కనుమ ఏ నెలలో దాటవచ్చు అన్నది అతనికి తెలియాలి. మొఘలుల సైన్యానికీ నిజాం సైన్యానికీ తిండిగింజలు చేర్చింది వీళ్లే. 1791-92లో టిప్పు సుల్తాను మీదికి వెళ్లిన కార్న్‌వాలిస్ సైన్యానికీ వీళ్లే చేర్చారు.

యుద్ధాలు లేనప్పుడు ముఖ్యమైన సరుకు ఉప్పు. ఉప్పు పండేది సముద్రం ఒడ్డున, కావలసింది కొండల్లో. తూర్పు తీరం నుంచి ఉప్పు ఎక్కించుకుని కొండలెక్కడం, లోపలి ప్రాంతాల నుంచి పత్తి, ధాన్యం దించుకురావడం తరతరాలుగా సాగిన పని. ఎద్దు వీపు మీద గోణి రెండు వైపులా సమానంగా తూగాలి. ఒక వైపు బరువెక్కితే వీపు పుండవుతుంది, పశువు దారిలోనే కూలబడుతుంది. బరువును సమంగా పంచడమే లదేణి విద్యకు మూలం. ఈ మాట గుర్తు పెట్టుకోండి. ఇంజను దగ్గర మళ్లీ వస్తుంది.

ఉప్పు ఊరి నుంచి కొండల్లోకి

తెలుగు నేల మీద ఆవిరితో నడిచిన చిన్న రైళ్లలో చెప్పుకోదగ్గది శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి బయలుదేరేది. నౌపడ ఉప్పు మళ్లకు పేరున్న ఊరు. మద్రాసు, కలకత్తాలను కలిపే పెద్ద లైను అక్కడి నుంచే పోతుంది. అక్కడికి నలభై కిలోమీటర్ల దూరంలో పర్లాకిమిడి సంస్థానం. రాజా గౌరచంద్ర గజపతి తన పట్నాన్ని పెద్ద లైనుతో కలపాలనుకున్నాడు. 1898లో ప్రభుత్వ అనుమతి వచ్చింది. సుమారు ఏడు లక్షల రూపాయల ఖర్చుతో పని పూర్తయి 1900 ఏప్రిల్‌లో రైలు నడిచింది. టెక్కలి, టెంబూరు, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి చేరేది. తర్వాత వంశధార లోయ వెంట సవరల ప్రాంతంలోకి సాగి 1931 నాటికి గుణుపురం చేరింది. మొత్తం తొంభై కిలోమీటర్లు.

మొదటి పదేళ్లు ఆ రైలు నష్టాల్లోనే నడిచింది. 1910 తర్వాత కొద్దిగా లాభం కనిపించింది. 1924-25 తర్వాతే అది పెరిగింది. రాజు పెట్టిన రైలు కూడా వెంటనే నిలదొక్కుకోలేదన్నమాట.

చిన్న పట్టా ఎందుకు?

ఆ లైను వెడల్పు రెండడుగుల ఆరంగుళాలు, అంటే 762 మిల్లీమీటర్లు. చిన్న పట్టాకు రైలు కమ్మీలు తేలికవి చాలు. మలుపులు బిగువుగా తిప్పవచ్చు. కొండను తొలిచే బదులు దాని చుట్టూ తిరిగి పోవచ్చు. వంతెనలు చిన్నవి, మట్టిపని తక్కువ. కొద్దిపాటి సరుకు మాత్రమే దొరికే చోట కూడా రైలు వేయగలగడం అలా వీలైంది.

అయితే ఇంజను తయారు చేసేవాడికి మాత్రం కష్టం. పట్టా ఇరుకైతే చక్రాల మధ్య చోటు ఇరుకు. బొగ్గు మండే పొయ్యి ఆ ఇరుకులోనే పట్టాలి. పొయ్యి చిన్నదైతే ఆవిరి తక్కువ, ఆవిరి తక్కువైతే లాగే బలం తక్కువ. పోనీ బరువైన ఇంజను పెడదామంటే తేలిక కమ్మీలు వంగిపోతాయి. బలం కావాలి కానీ బరువు ఉండకూడదు. చిన్న ఇంజను రూపకల్పన అంతా ఈ చిక్కును విప్పడమే.

పర్లాకిమిడి లైనులో పేరు పొందినవి పి.ఎల్. తరగతి ఇంజన్లు. వాటి చక్రాల అమరికను 0-6-4 అని రాస్తారు. ముందు చిన్న చక్రాలు ఉండవు. మధ్యలో ఒకదానికొకటి కడ్డీతో కలిపిన ఆరు చక్రాలు బండిని లాగుతాయి. వెనుక నాలుగు చిన్న చక్రాలు డ్రైవరు నిలబడే చోటునీ బొగ్గు పెట్టెనీ మోస్తూ మలుపులో ఇంజనును తిప్పుకుపోతాయి. ఇవి ట్యాంకు ఇంజన్లు. నీళ్ల కోసం వెనుక వేరే బండి ఉండదు, ఇంజను తన నీళ్లు తానే మోస్తుంది. ఆ నీటి బరువు కూడా చక్రాలను పట్టాకు అదిమి పట్టు పెంచుతుంది. ప్రయాణంలో నీళ్లు అయిపోయే కొద్దీ ఆ పట్టు తగ్గుతుంది.

లోపల జరిగేది ఇది. పొయ్యిలోని వేడి గాలి సన్నని గొట్టాల గుండా పోతూ చుట్టూ ఉన్న నీటిని మరిగిస్తుంది. పుట్టిన ఆవిరి సిలిండరులోకి వెళ్లి పిస్టనును తోస్తుంది. పిస్టను కడ్డీ చక్రాన్ని తిప్పుతుంది. పని ముగిసిన ఆవిరి పొగగొట్టం గుండా ఒక్కసారిగా బయటికి దూకుతుంది. ఆ దూకుడే పొగను తనతో లాక్కుపోయి పొయ్యిలోకి కొత్త గాలి రప్పిస్తుంది. మనం వినే ఛుక్ ఛుక్ చప్పుడు అదే. బండి కష్టపడి లాగే కొద్దీ మంట దానంతటదే పెరుగుతుంది. అయినా బొగ్గులోని వేడిలో పదో వంతు కూడా లాగే పనికి రాదు. మిగతాదంతా గాలిపాలు.

అయిదు టన్నుల సూత్రం

ఇలాంటి చిన్న రైలు మన పాత హైదరాబాదు రాజ్యంలోకీ వచ్చింది. ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్న లాతూరు అప్పట్లో నిజాం ఏలుబడిలోది. ఎవరార్డ్ కాల్‌త్రాప్ అనే ఇంజనీరు 1897లో బార్సీ రోడ్డు, అంటే నేటి కుర్దువాడి, నుంచి బార్సీ పట్నానికి 762 మిల్లీమీటర్ల లైను వేశాడు. 1911లో అది లాతూరు చేరింది.

కాల్‌త్రాప్ పట్టుబట్టిన నియమం ఒకటే. ఇంజనైనా, పెట్టె అయినా, ఏ ఇరుసు మీదా అయిదు టన్నులకు మించి బరువు పడకూడదు. బరువు సమంగా పంచితే తేలిక కమ్మీ మీద కూడా పెద్ద బరువు లాగవచ్చు. ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో కిట్సన్ కంపెనీ అతని కోసం ఎనిమిది లాగే చక్రాలు, నాలుగు వెనుక చక్రాలు ఉన్న ఇంజన్లు చేసింది. నాలుగు లాగే ఇరుసులకు అయిదేసి టన్నుల చొప్పున ఇరవై టన్నుల పట్టు దొరికింది. దక్కనులో పనికొచ్చిన ఈ ఆలోచన 1904లో ఇంగ్లండులోని లీక్ అండ్ మానిఫోల్డ్ అనే చిన్న లైనుకు కూడా వెళ్లింది.

గోణి రెండు వైపులా సమంగా తూగాలన్న నాయక్ మాటా, ఇరుసులన్నిటి మీదా సమంగా పడాలన్న ఇంజనీరు మాటా ఒకటే. ఒకరి మాట పుస్తకాల్లోకి ఎక్కింది, ఇంకొకరిది నోటి మాటగానే మిగిలింది.

ఇంజను వెనుక మనుషులు

ఎద్దుకు మేత దారిలోనే దొరుకుతుంది. ఇంజను అలా కాదు, దానికి మనుషులు రాత్రింబగళ్లు సేవ చేయాలి. తెల్లవారి బండి బయలుదేరాలంటే కొన్ని గంటల ముందే పొయ్యి వెలిగించాలి. బూడిద తీయాలి, కీళ్లన్నిటికీ నూనె పోయాలి. ఫైర్‌మన్ పార పట్టుకుని మంటను పొయ్యి అంతటా పలుచగా, సమంగా పరచాలి. బాయిలరులో నీటి మట్టం మీద కన్ను వేసి ఉంచాలి. పొయ్యి కప్పు మీద నీళ్లు తగ్గితే ఆ రేకు ఎర్రగా కాలి మెత్తబడి లోపలికి కుంగుతుంది, బాయిలరు పేలుతుంది. అందుకే అక్కడ సీసం నింపిన బిరడా పెట్టేవారు. ముందు అది కరిగి ఆవిరి పొయ్యిలోకి చిమ్మి ప్రమాదాన్ని చాటుతుంది. నీళ్లలోని సున్నం లోపల పెచ్చు కడుతుంది కనుక, కొన్ని రోజులకొకసారి బాయిలరును చల్లార్చి కడగాలి.

పట్టాను కాపాడే గ్యాంగ్‌మన్లు వేరే. పెద్ద లైను దగ్గర బస్తాలు మార్చే హమాలీలు వేరే. చిన్న బండిలో వచ్చిన సరుకు నౌపడలో పెద్ద బండిలోకి ఎక్కాలంటే ప్రతి మూటా మనిషి వీపు మీదే దాటాలి. ఎద్దు వీపు నుంచి దిగిన బరువు చివరికి మనిషి వీపు మీదికే వచ్చింది.

మనకు పోయిందేమిటి, వచ్చిందేమిటి

లెక్క చూడండి. ఎద్దు మోసేది నూట ఇరవై కిలోలనుకుంటే, పది టన్నుల సరుకు పట్టే ఒక్క వ్యాగను ఎనభైకి పైగా ఎద్దుల పని చేస్తుంది. పోటీ అక్కడే తేలిపోయింది. అయితే తప్పంతా రైలు మీద వేస్తే చరిత్ర సగమే చెప్పినట్లు. రైలు కంటే ముందే బండి బాటలు పడ్డాయి. ఉప్పు మీద కంపెనీ గుత్తాధిపత్యం వచ్చింది. అడవులను రిజర్వు చేయడంతో మేత బీళ్లు మూతపడ్డాయి. చివరి దెబ్బ రైలుది. బతుకుతెరువు పోయి తిరుగుతున్నవాళ్లను ఆదుకోవలసిన ప్రభుత్వం 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చింది. తర్వాతి కాలంలో ఎన్నో సంచార జాతులతో పాటు లంబాడాల మీద కూడా ఆ ముద్ర పడింది. దేశానికి తిండిగింజలు మోసినవాళ్లు పుట్టుకతోనే అనుమానితులయ్యారు. ఆ చట్టం 1952లో గాని రద్దు కాలేదు. తెలంగాణ లంబాడాలకు షెడ్యూల్డు తెగల గుర్తింపు 1976 చట్టంతో వచ్చింది.

రైలు ఇచ్చింది కూడా ఉంది. గుణుపురం వైపు సవరలకు సంతకూ ఆసుపత్రికీ బడికీ దారి దగ్గరైంది. రైలు గుణుపురం చేరిన 1931లోనే, పర్లాకిమిడిలో పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులు సవర భాష మీద రాసిన పుస్తకం మద్రాసులో అచ్చయింది. కొండల్లో తిరిగి, సవరల నోట విని నేర్చుకుని రాసిన పుస్తకం అది. 1936లో మంగై గొమాంగో సవర భాషకు సొంత లిపినే తయారు చేశాడు. బయటి లోకం తమ గడప దాకా వచ్చిన రోజుల్లోనే సవరలు తమ మాటకు తామే అక్షరం దిద్దుకున్నారు.

నౌపడ చిన్న పట్టా లైను 2004లో మూతపడింది. 2011 నాటికి గుణుపురం దాకా బ్రాడ్‌గేజి వచ్చింది. ఆవిరి ఇంజన్లు అంతకు ముందే డీజిలుకు చోటిచ్చి తప్పుకున్నాయి. ఎద్దుల పని ఇంజనుకు పోయినట్టే, ఆవిరి ఇంజను పని ఇంకొకదానికి పోయింది. షెడ్డులో బతుకంతా గడిపిన ఫైర్‌మన్ విద్య కూడా లదేణి విద్యలాగే పనిలేనిదైంది.

తేడా ఒక్కటే. ఇంజనుకు నంబరుంది, తరగతి పేరుంది, కొలతలున్నాయి, మ్యూజియంలో చోటుంది. పద్నాలుగు వేల ఎద్దులను నడిపించిన ఆ నాయక్ పేరు మండీ పుస్తకంతోనే ఆగిపోకుండా ఉండాలంటే మన పని మనం చేయాలి. మీ తండాలో పాత గోణి ఉందా? ఎద్దుకు కట్టిన గవ్వల పట్టీ ఏ పెట్టెలోనైనా మిగిలిందా? ఏ బాటన వచ్చాం, ఎక్కడ ఆగాం, ఏం మోశాం అని మీ తాతనూ నానమ్మనూ అడగండి. వాళ్లు చెప్పింది ఫోనులో రికార్డు చేయండి, ఊరి పేర్లతో సహా కాగితం మీద పెట్టండి. వచ్చే సంచికలో నాలాంటివాడు రాసిన వ్యాసం కంటే మీరు తెచ్చిన ఒక్క పాత బాట పేరు ఎక్కువ విలువైనది.