కల్లులో ఆల్ప్రజోలం: పాలమూరు మత్తుకూ డోపమైన్‌కూ ఉన్న లంకె

కొకైన్, యాంఫెటమైన్ వంటి ఉత్తేజక మందులు, మెదడులో తృప్తినీ యావనూ నేర్పే రసాయనమైన డోపమైన్ సంకేతాన్ని ఎలా చెదరగొడతాయో చాలాకాలంగా తెలుసు. నాడీకణం విడుదల చేసిన డోపమైన్‌ను తిరిగి లోపలికి చేర్చే వాహక ప్రోటీన్‌ను కొకైన్ అడ్డుకుంటుంది. యాంఫెటమైన్ ఆ వాహకం గుండానే లోపలికి చొరబడి, నిల్వ ఉన్న డోపమైన్‌ను బయటికి తోడిస్తుంది. కానీ తెలంగాణలోని నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) మెట్టపల్లెల్లో కల్లులో కలిపేది ఆల్ప్రజోలం, డైజోఫాం అని పిలిచే డయజిపామ్, సీహెచ్ అనే క్లోరల్ హైడ్రేట్. మూడూ నిద్రపుచ్చేవే. ఉరకలెత్తించని మందుకు మనిషి ఎందుకు బానిసవుతాడు?

జవాబు మధ్యమెదడులో ఉంది. అక్కడి డోపమైన్ కణాలను, గాబా అనే అణచివేత రసాయనాన్ని విడుదల చేసే కణాలు నిరంతరం అదుపులో పెడుతుంటాయి. జెనీవా విశ్వవిద్యాలయంలో క్రిస్టియన్ లూషర్ బృందం 2010లో చుంచెలుకలపై చూపినదేమిటంటే, ఆల్ప్రజోలం కుటుంబానికి చెందిన బెంజోడయజిపైన్లు ముందుగా ఈ కాపలా కణాలనే జోకొడతాయి. కాపలా సడలగానే డోపమైన్ కణాలు చెలరేగుతాయి. కాపలా కణాల్లోని ఆల్ఫా-1 రకం గాబా గ్రాహకాన్ని ఆ మందుకు స్పందించకుండా మార్చిన ఎలుకల్లో డోపమైన్ చెలరేగలేదు, అవి మందు కలిపిన నీటికి ఎగబడనూ లేదు. దారి వేరైనా కొకైన్ చేరిన చోటికే ఈ మందూ చేరుతుందన్నమాట. కల్లులో సహజంగా ఉండే ఆల్కహాల్ కూడా డోపమైన్‌ను పెంచేదే.

2015 సెప్టెంబరులో ఎక్సైజ్ దాడులతో కల్తీకల్లు ఒక్కసారిగా ఆగిపోయింది. మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల ఆసుపత్రులకు జనం వెల్లువెత్తారు. చేతుల వణుకు, ఫిట్స్, పొంతనలేని మాటలు, లేనివి కనబడటం. ఆడవాళ్లూ వచ్చారు, రోజంతా కూలికి పోయి సాయంత్రం ఇంత కల్లు తాగేవాళ్లూ వచ్చారు. ఇక్కడ రెండు విషయాలను విడదీసి చూడాలి. ఫిట్స్‌కు మూలం డోపమైన్ కాదు. ఏళ్లతరబడి మందుకు అలవాటుపడ్డ గాబా గ్రాహకాలు మొద్దుబారతాయి, మందు ఆగగానే మెదడును అణచేది లేక, దాన్ని ఉసిగొల్పే గ్లుటమేట్ రసాయనపు ఉద్రేకం పెచ్చుమీరుతుంది. ఇది రోజుల్లో, మహా అయితే వారాల్లో సద్దుమణుగుతుంది. డోపమైన్ నేర్పిన యావ మాత్రం నెలలు గడిచినా పోదు, కల్లు దుకాణం కంటబడితే చాలు తిరగబెడుతుంది. ఫిట్స్ తగ్గాయని రోగిని ఇంటికి పంపేస్తే సగం వైద్యమే జరిగినట్టు.

ఈ జనాన్ని తాగుబోతులని తోసిపుచ్చడం నా దృష్టిలో అన్యాయం. తాము మింగుతున్నది మాత్రల మందని చాలామందికి తెలియదు. డాక్టర్ ఇచ్చిన మాత్రకు మోతాదు ఉంటుంది, లొట్టిలో కలిపిన పొడికి ఉండదు.

ఆల్ప్రజోలం సగం మోతాదు సుమారు పదకొండు గంటల్లో ఒంట్లోంచి పోతుంది కాబట్టి బాధ తొందరగా మొదలవుతుంది. డయజిపామ్ ఒంట్లో రోజుల తరబడి నిలుస్తుంది. అందుకే వైద్యులు దాన్నే ఇచ్చి, మెల్లమెల్లగా తగ్గిస్తూ మాన్పిస్తారు. దుకాణం మూయించే రోజుకే ప్రభుత్వ ఆసుపత్రిలో పడకలు, డయజిపామ్ సిద్ధంగా ఉండాలి. పట్టుకున్న కల్లులో ఏ మందు ఎంత ఉందో ఎక్సైజ్ ప్రయోగశాల తేల్చిన ఫలితం కోర్టుకే కాకుండా, అదే వారంలో ఆ మండలం డాక్టర్‌కూ అందాలి.